రోహిణి కార్తెలో గేమింగ్ ఫోను

2022 జులైలో యూరప్ వడగాలులకు ఉడికిపోతుంటే, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ కన్సోల్ తయారుచేసే వాల్వ్ కంపెనీ దాన్ని కొన్నవారికి ఒక హెచ్చరిక చేసింది. చుట్టూ గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటేనే ఆ యంత్రం బాగా నడుస్తుందని, లోపలి చిప్ మరీ కాగితే వేగం తగ్గించుకుంటుందని దాని సారాంశం. ఆ వేసవిలోనే నింటెండో కూడా జపాన్‌లో స్విచ్ వాడేవారికి 5 నుంచి 35 డిగ్రీల లెక్కను గుర్తుచేసింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఈ హెచ్చరిక చదివితే నవ్వొస్తుంది. అక్కడ మార్చి సగం దాటేసరికే పగటి వేడి 35 దాటిపోతుంది. మే నెలలో 46, 47 డిగ్రీలు వార్త కూడా కాదు. దేశంలో ఆ రోజు ఎక్కువ ఎండ కాసిన ఊళ్ల జాబితాలో బ్రహ్మపురి పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన ఊరు ఏదో తెలియదు గానీ, బల్లార్షా ప్లాట్‌ఫాం మీద ఒక మధ్యాహ్నం నిలబడితే సామెతకు సాక్ష్యం అక్కర్లేదు.

బల్లార్‌పూర్ కాగితం మిల్లు, చుట్టుపక్కల బొగ్గు గనుల చుట్టూ తరాలుగా స్థిరపడిన తెలుగువారు, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఉన్న సిరొంచా. ఈ పట్టీలో యువకులు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడి, ఆన్‌లైన్ ఆటలో జట్టుగా ఆడే స్క్వాడ్‌లో మైకు పెట్టగానే హిందీలోకి దిగుతారు. కొత్త గేమింగ్ ఫోన్లు, చేతిలో పట్టుకుని ఆడే కన్సోళ్ల మీద వీళ్లకున్న మోజు హైదరాబాద్, పుణె కుర్రాళ్లకంటే ఏమీ తక్కువ కాదు. యూట్యూబ్ సమీక్షలూ అవే, ఈఎంఐ లెక్కలూ అవే. తేడా ఆ సమీక్షలు చిత్రించిన గదిలో ఉంది. అది ఏసీ గది.

డబ్బా మీద రాసే అంకెలన్నీ ఆ గదిలో పుట్టినవే. చిప్‌లో ఖర్చయ్యే ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడి ఫోన్ వెనక పలక దాకా వచ్చి, అక్కడినుంచి గాలిలోకి పోవాలి. పలకకూ గాలికీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉంటే అంత వేడి పోతుంది. చెయ్యి కాలకుండా పలకను 45 డిగ్రీల దగ్గర ఆపాలని ఫోన్ నియమం పెట్టుకుందనుకుందాం. గది 25 డిగ్రీలుంటే తేడా 20. గది 35 ఉంటే తేడా 10, అంటే బయటికి పోయే వేడి దాదాపు సగం. రేకుల ఇంట్లో మధ్యాహ్నం 40 ఉంటే తేడా 5 మాత్రమే. అప్పుడు ఫోన్ చేయగలిగేది ఒక్కటే, చిప్‌ను నెమ్మదింపజేయడం. అదే ఫోన్, అదే ఆట. సమీక్షకుడి చేతిలో సెకనుకు 90 ఫ్రేములు గంటసేపు నిలిస్తే, ఇక్కడ పదిహేను నిమిషాలకే తడబడతాయి. కుర్రాళ్లు 'సెట్ హ్యాంగ్ అయితాంది' అంటూ ఫోన్‌ను తిడతారు గానీ, ఆ హ్యాంగ్‌లో సగం భాగం సూర్యుడిది.

పైవేగం మీద కంపెనీలకున్న యావ దీన్ని ఇంకా పెంచుతుంది. చిప్ గడియారం వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీ కూడా పెంచాలి. విద్యుత్ ఖర్చు వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని వోల్టేజీతోనే గుణించిన లెక్కతో) కూడా పెరుగుతుంది. వోల్టేజీ అదే పాళ్లలో పెరిగితే 10 శాతం వేగం కోసం 33 శాతం ఎక్కువ విద్యుత్ పోస్తున్నట్టు. వేగం కొలిచే బెంచ్‌మార్క్ పట్టికలో పై వరస కోసం చేసే ఈ చివరి పరుగంతా ఎండ ఊళ్లో మొదటి అయిదు నిమిషాల సంబరమే. అందుకే ఒక అంచె కింద ఉన్న చిప్, పైఅంచె చిప్‌కంటే ఇక్కడ స్థిరంగా నడవడం వింతేమీ కాదు. కొనేముందు చూడవలసిన సమీక్ష ఇరవై నిమిషాలు ఏకబిగిన లోడు పెట్టి, చివర్లో వేగం ఎంత శాతం మిగిలిందో చెప్పేది. అలాంటివి ఉన్నాయి, కాకపోతే చూసేవాళ్లు తక్కువ.

మరి ఫ్యాన్ పెడితే? నూబియా 2019లో రెడ్ మ్యాజిక్ 3 ఫోన్ లోపలే చిన్న ఫ్యాన్ బిగించి అమ్మింది. స్టీమ్ డెక్, ఏసుస్ ఆర్‌ఓజీ అలై లాంటి కన్సోళ్లన్నిటికీ ఫ్యాన్ తప్పనిసరి. కదిలే గాలి వేడిని బాగా లాగుతుందన్నది నిజమే. కానీ ఫ్యాన్ ఉన్న యంత్రం గాలిని పీలుస్తుంది, గనుల పక్క ఊళ్లలో గాలి వెంట ఏమొస్తుందో కిటికీ చట్రం మీద వేలు రాస్తే తెలుస్తుంది. ఉదయం తుడిచిన బల్ల సాయంత్రానికి నల్లబడే వీధుల్లో, సన్నటి రెక్కల మధ్య బొగ్గు ధూళి పేరుకుని ఏడాదిలోపే గాలి దారి మూసుకుపోవచ్చు. ల్యాప్‌టాప్ బాగుచేసే వాళ్లకు ఇది రోజూ కనిపించే సంగతి. ఆరు నెలలకోసారి విప్పి ఊదించుకునే ఓపిక ఉంటే ఫ్యాన్ వరమే. విప్పితే వారంటీ ఏమవుతుందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ఫోన్ వెనక తగిలించి కరెంటుతో చల్లబరిచే క్లిప్ కూలర్లు చవకలో దొరుకుతాయి. విదర్భ ఎండ పొడిది కాబట్టి మేలో వాటితో పెద్ద ఇబ్బంది లేదు. జులైలో మాత్రం జాగ్రత్త అవసరం. గాలిలో తేమ నిండినప్పుడు చల్లటి పలక మీద నీటి బొట్లు చేరతాయి, అవి చార్జింగ్ పిన్‌లోకి దిగితే ఆట అక్కడికి సరి. నిజానికి అన్నిటికంటే చవకైన పరిష్కారం ఇక్కడి ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. కిటికీకి బిగించిన గడ్డి కూలర్ ముందు కూర్చోవడమే! పొడి ఎండలో అది గదిని బయటికంటే బాగా చల్లబరుస్తుంది, గాలినీ కదిలిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు అక్కడే పడుకుని ఉంటారన్నది వేరే సమస్య.

ఆశ పెట్టుకోదగ్గ అసలు మార్పు చిప్‌లలోకంటే బ్యాటరీల్లో వస్తోంది. సిలికాన్-కార్బన్ బ్యాటరీలు వచ్చాక అదే మందంలో ఎక్కువ నిల్వ పడుతోంది. నిన్నమొన్నటిదాకా 5,000 ఎంఏహెచ్ పెద్ద అంకె. 2025లో భారత్‌కు వచ్చిన పోకో ఎఫ్7లో 7,550 ఎంఏహెచ్ ఉంది. ఈ అంకెను వాట్-అవర్లలోకి మారిస్తేనే కన్సోళ్లతో పోల్చడం కుదురుతుంది. పాత 5,000 అంటే సుమారు 19 వాట్-అవర్లు, 7,550 అంటే 28కి అటూఇటూ. మొదటి స్టీమ్ డెక్‌లో ఉన్నది 40. అయితే డెక్ బరువైన ఆటలో 20 వాట్లు దాటి తింటుంది, కాబట్టి రెండు గంటలకే ప్లగ్ వెతుక్కోవాలి. ఫోన్ అయిదు వాట్లతో సర్దుకుంటే అయిదు గంటలు పైగా నిలుస్తుంది. ఆర్‌ఓజీ అలై ఎక్స్ 80 వాట్-అవర్లు పెట్టి ఈ చిక్కు విప్పింది గానీ, దాని బరువు 678 గ్రాములకు చేరింది. మంచం మీద వెల్లకిలా పడుకుని ఆడేవాడి మణికట్టును అడిగితే ఆ అంకె అర్థం చెబుతుంది.

బైపాస్ చార్జింగ్ గురించి ప్రకటనల్లో మూలన ఒక వరుస ఉంటుంది. ఈ ప్రాంతానికి అది మొదటి వరుసలో ఉండాలి. ప్లగ్ పెట్టి ఆడేటప్పుడు కరెంటు బ్యాటరీలోకి వెళ్లకుండా నేరుగా బోర్డుకే అందుతుంది. అంటే చార్జింగ్ వేడి, ఆట వేడి ఒకదాని మీద ఒకటి పడవు. లిథియం బ్యాటరీకి వేడిలో, నిండుగా ఉండి నలగడంకంటే పెద్ద శత్రువు లేదు. రెండు ఎండాకాలాలు దాటగానే వెనక పలక ఉబ్బిన ఫోన్లు బల్లార్షా మొబైల్ దుకాణాల్లో ఊరికే కనిపించవు.

గేమింగ్ ఫోన్ అనే జాతి చరిత్ర చూస్తే అనుమానం ఇంకో వైపు నుంచి వస్తుంది. నోకియా 2003లో ఎన్-గేజ్ తెచ్చింది. ఆట కార్డు మార్చాలంటే బ్యాటరీ ఊడదీయాలి, మాట్లాడాలంటే ఫోన్ అంచును చెవికి ఆనించాలి. 2011లో సోనీ ఎరిక్సన్ బటన్లు జారి బయటికొచ్చే ఎక్స్‌పీరియా ప్లే తెచ్చింది, దానికి వారసుడు రాలేదు. రేజర్ 2017లో ఒకటి, 2018లో ఒకటి ఫోన్లు తీసి ఊరుకుంది. మిగిలినవాళ్లు ఏం నేర్చుకున్నారంటే, గేమింగ్ ఫోన్ అని విడిగా అమ్మేకంటే మామూలు ఫోన్‌కే ఆ హంగులు తొడగడం మేలని. ఇన్ఫినిక్స్ జీటీ 30 ప్రో 2025లో పాతిక వేలలోపు మొదలయ్యే ధరకు భుజం బటన్లతో వచ్చింది. విడి గేమింగ్ ఫోన్‌కు ఇంకో లోటు అప్‌డేట్లు. శాంసంగ్, గూగుల్ తమ పై తరగతి ఫోన్లకు ఏడేళ్లు హామీ ఇస్తుంటే, 2024 నాటి ఆర్‌ఓజీ ఫోన్ 8కు ఆండ్రాయిడ్ మార్పులు రెండంటే రెండే. బ్యాంకు యాప్, యూపీఐ అన్నీ అందులోనే నడిపే ఇంటికి ఇది ఆటకంటే పెద్ద విషయం.

ఒకే ఆట కోసం ఫోన్ కొనడంలో ఉన్న జూదం కూడా చెప్పుకోవాలి. పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబర్ 2న నిషేధించింది. దాని భారతీయ రూపం బీజీఎంఐ 2021 జులైలో వచ్చి, 2022 జులై 28న స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో పోయింది. 90 ఫ్రేముల కోసం అప్పు చేసి సెట్ తీసుకున్న కుర్రాడు, ఆట స్టోర్లలో లేకుండానే పది నెలలు కిస్తీ కట్టిన కాలం అది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని ఆపి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. షూటింగ్ ఆటలకు దాంతో నేరుగా దెబ్బ లేదు. అయినా, ఒక సంతకంతో విలువ పోయే వస్తువు మీద ఎంత పెట్టాలన్న లెక్క మాత్రం ఎవరికివారు వేసుకోవలసిందే. ఇంకో చిన్న సంగతి: ఫోన్‌కు రెండు వైపులా తొడిగే గేమ్‌ప్యాడ్ కొంటే కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ దాన్ని ఒప్పుకుంటుంది. పబ్‌జీ వంశం ఒప్పుకోదు. ఇది తెలియక ప్యాడ్లు కొని మూలన పడేసినవాళ్లు తక్కువ కాదు.

కన్సోళ్ల దగ్గరికి వస్తే మొదటి గోడ ధర, రెండోది దుకాణం. ఆర్‌ఓజీ అలై 2023 జులైలో ఇక్కడ 69,990 రూపాయలకు వచ్చింది. 2025 అక్టోబర్ నాటి ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై ఎక్స్ ధర 1,14,990. టీవీకి తగిలించే పీఎస్5 మొదట డిస్కుతో 49,990కే దొరికిందని గుర్తుంటే, చేతిలో పట్టుకునే సుఖానికి ఎంత కడుతున్నామో తెలుస్తుంది. స్టీమ్ డెక్‌ను వాల్వ్ భారత్‌లో అమ్మనే లేదు. నింటెండోకూ ఇక్కడ అధికారిక అమ్మకాలు లేవు. 2025 జూన్ 5న 449.99 డాలర్లకు విడుదలై, నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడైన స్విచ్ 2 కూడా ఇక్కడికి వచ్చేది దిగుమతి పీసుగానే.

బల్లార్షాలో రైలెక్కితే ఒక వైపు నాగపూర్ సీతాబర్డీ, ఇంకో వైపు హైదరాబాద్ జగదీష్ మార్కెట్, సికింద్రాబాద్ కంప్యూటర్ దుకాణాలు. సిరొంచావాళ్లకు నది దాటితే చెన్నూరు, మంచిర్యాల దగ్గర. ఎక్కడ కొన్నా, 'ఇంపోర్టెడ్ పీసు అన్నా, దుకాణం వారంటీ' అన్న మాట అక్కడి కౌంటర్ దాకానే. ఫోన్ డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పిన్ మార్చడం ప్రతి తాలూకా ఊళ్లోనూ గంట పని. కన్సోల్ జాయ్‌స్టిక్ ముట్టుకోకుండానే పక్కకు లాగడం మొదలైతే ఆ పార్టు ఎవరి దగ్గరా ఉండదు. మొదటి స్విచ్‌కు ఆ జబ్బు పేరుపడ్డది. అరుగుదల లేని అయస్కాంత పద్ధతి స్టిక్కులు మార్కెట్లో ఉన్నా, స్విచ్ 2లో నింటెండో వాటిని పెట్టలేదు.

ఇన్ని అనుమానాల మధ్య కన్సోల్‌కు ఈ ప్రాంతంలో ఒక బలం ఉంది, దాని గురించి సమీక్షలు పెద్దగా మాట్లాడవు. అది నెట్ లేకుండా ఆడిస్తుంది. గడ్చిరోలి అడవి దారిలో సిగ్నల్ గీతలు ఎప్పుడు ఉంటాయో ఎప్పుడు పోతాయో చెప్పలేం. సిరొంచా ఒడ్డున ఫోన్ ఇవతలి టవర్‌ను వదిలి అవతలి టవర్‌ను పట్టుకునే క్షణంలో పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి తిరిగొచ్చే సమయం) ఎగిరితే, స్క్వాడ్‌లో చచ్చేది ఎవరో ముందే తెలుసు. ఒంటరిగా సాగే కథ ఆటలకు ఈ బాధ లేదు. వాల్వ్ ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌లో చాలా ఆటలకు రూపాయల్లో ధరలున్నాయి, కొన్న ఆట ఖాతాలో ఉంటుంది, రేపు ల్యాప్‌టాప్ కొంటే అందులోనూ నడుస్తుంది. చిక్కల్లా మొదటిసారి దించుకోవడమే. వంద జీబీ ఆటను రోజుకు రెండు జీబీల ప్యాకుతో దించాలంటే యాభై రోజులు కావాలి. ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికి యంత్రాన్ని సంచిలో వేసుకుని వెళ్లడం దీనికి ఇప్పటికున్న మార్గం. కార్డు కొంటే సరిపోతుందనుకుంటే, స్విచ్ 2లో కొన్ని కార్డుల మీద ఆటే ఉండదు. ఉండేది తాళంచెవి, ఆట మళ్లీ దించుకోవలసిందే.

ఆట ఎక్కడో సర్వర్‌లో నడిచి, బొమ్మ మాత్రం నెట్ ద్వారా మన తెర మీదికి వచ్చే క్లౌడ్ గేమింగ్ ఈ లెక్కలో దూరపు కొండ. ఎక్స్‌బాక్స్ క్లౌడ్ 2025 నవంబర్‌లో భారత్‌కు వచ్చింది. 20 ఎంబీపీఎస్ ప్రవాహమైతే గంటకు 9 జీబీ ఖర్చు, పింగ్ సంగతి పైన చెప్పిందే. చంద్రపూర్‌లో ఫైబర్ ఉన్న ఇంటికి ఇది ఆశ. సిరొంచాకు కాదు, కనీసం ఇప్పటికి.

రాబోయేవాటిలో గమనించదగ్గది ఫోన్‌కూ కన్సోల్‌కూ మధ్య గోడ పల్చబడటం. విన్‌లేటర్, గేమ్‌హబ్ లాంటి యాప్‌లతో విండోస్ ఆటలు కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనే ఆడుతున్నాయి. 2025 నవంబర్‌లో వాల్వ్ ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ అనే తలకు పెట్టుకునే పరికరం స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 మీద నడుస్తుంది. అంటే ఫోన్ చిప్ మీద పీసీ ఆటలు నడిపించే పనికి ఒక పెద్ద కంపెనీ డబ్బు పెడుతోంది. ఆ శ్రమ ఫలం ఫోన్లకూ అందితే, 30 వేల సెట్‌కు ఒక ప్యాడ్ తగిలించినవాడు 70 వేల యంత్రం పనిలో కొంతైనా చేయించుకుంటాడు. ప్రస్తుతం ఈ యాప్‌లు స్నాప్‌డ్రాగన్ మీద నడిచినంత బాగా మాలి అనే వేరే రకం గ్రాఫిక్స్ ఉన్న చిప్‌ల మీద నడవవు. పోల్చేటప్పుడు బెంచ్‌మార్క్ స్కోరుకంటే ఈ తేడా ముఖ్యం.

స్టీమ్ డెక్ రెండో తరం కోసం ఎదురుచూసేవాళ్లు మాత్రం ఇంకా ఓపిక పట్టాలి. అదే బ్యాటరీ సమయానికి 20, 30, చివరికి 50 శాతం ఎక్కువ వేగం దొరికినా చాలదని వాల్వ్ ఇంజనీర్లు చెప్పారు. ఈలోపు ఏఐ డేటా సెంటర్ల ఆకలి మెమరీ చిప్‌ల ధరల్ని పైకి లాగింది. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ సామాన్య కొనుగోలుదారులకు మెమరీ అమ్మే క్రూషల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి 'ఆగితే ధర తగ్గుతుంది' అన్న పాత లెక్క ఈసారి నమ్మదగ్గది కాదు. పనికొచ్చే వస్తువు కనిపిస్తే, మంచి ధరకు దొరికితే, తర్వాతి మోడల్ కోసం కూర్చోవడంలో అర్థం లేదు.

ఇళ్లలో దీని గురించి జరిగే వాదన మాత్రం వేగాల గురించి కాదు. ఫోన్ ఇంటి మొత్తానిది. గ్యాస్ బుకింగ్, యూపీఐ, మంచిర్యాలలో ఉన్న మేనమామ ఫోన్‌కాల్ అన్నీ అందులోనే. ఆటకు చార్జింగ్ అయిపోతే గొడవ మొదలవుతుంది. విడి కన్సోల్‌కు అనుకూలంగా ఉన్న గట్టి వాదన ఇదే, దాని మీద ఆడితే ఫోన్ నిండుగా ఉంటుంది. పెద్ద బ్యాటరీ ఫోన్లు ఈ వాదనకు జవాబు తెస్తున్నాయి. వాల్వ్ 35 డిగ్రీల హెచ్చరిక చేసిన ఆ 2022 జులైలోనే గోదావరి, ప్రాణహిత పొంగి సిరొంచా తాలూకా ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. వరద వచ్చి కరెంటు పోయిన ఊళ్లో ఫోన్‌లో మిగిలిన గీతే కబురు, టార్చి. పోకో ఎఫ్7 లాంటి సెట్లు ఇప్పుడు తీగ తగిలిస్తే పక్క ఫోన్‌కు చార్జింగ్ ఇస్తాయి. కొడుకు బీజీఎంఐ కోసమని ఒప్పించి కొనిపించిన ఆ 7,550 ఎంఏహెచ్, వానాకాలంలో అమ్మ ఫోన్‌కు పవర్‌బ్యాంక్.